ఈజిప్టు దేవుళ్ల కథల్ని ఇష్టంగా చదవడం ఎలా?

ఈజిప్టు దేవుళ్లు వచ్చే నవలో, వెబ్ సిరీసో మొదలుపెట్టిన చాలామందికి రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఒకటి పేర్లు. ఇరవై పేజీలు తిరిగేసరికి పదిమంది దేవుళ్లు వచ్చేస్తారు, ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టదు. రెండోది అనుమానం. ఇందులో పాత కథ ఎంత, రచయిత కల్పించింది ఎంత? పేర్ల సమస్య ఒక కాగితం ముక్కతో తీరిపోతుంది. అనుమానాన్ని మాత్రం వదిలించుకోకండి, ఈ కథల్లో అసలు ఆనందం దాని వల్లే. మూలకథ తెలిసినవాళ్లకు రచయిత ఎక్కడ దారి మళ్లాడో ఇట్టే కనిపిస్తుంది. ఎందుకు మళ్లాడా అని ఆలోచిస్తూ చదివితే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

పురాణాలు వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఇది అలవాటైన పనే. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదని తెలిసినా ఆ కథను మనం తక్కువగా చూడం. కల్పన సంగతి సరే, ఘటోత్కచుడు ఘటోత్కచుడిలా ఉన్నాడా లేడా అన్నదే చూస్తాం. ఈజిప్టు దేవుళ్ల దగ్గరికీ అదే చూపుతో వెళ్లండి.

ముందు మూడు పాత కథలు

నవల తెరవకముందు ఒకటి రెండు సాయంత్రాలు పాత కథలకు ఇవ్వండి. ఈజిప్టుకు మన భాగవతంలాంటి ఒకే పెద్ద గ్రంథం లేదు. మూడు వేల ఏళ్లపాటు సమాధి గోడల మీద, శవపేటికల మీద, పపైరస్ (నీటి మొక్కతో చేసిన కాగితం) చుట్టల మీద ముక్కలు ముక్కలుగా రాసుకుంటూ వచ్చారు. ఈజిప్టును ఏలిన దేవుడు ఒసైరిస్ హత్య కథ మొదట్నుంచి చివరిదాకా వరసగా దొరికేది కూడా ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత దగ్గరే, అదీ క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంలో. అన్న ఒసైరిస్ ఒంటి కొలతకు సరిపోయేలా సేత్ ఒక పెట్టె చేయిస్తాడు. ఇందులో ఎవరు సరిగ్గా పడితే వాళ్లకే ఇస్తానని విందులో ఆశపెడతాడు. ఒసైరిస్ పడుకోగానే మూత బిగించి నదిలో వదిలేస్తారు. ఈ ఘట్టం నవలల్లో, సినిమాల్లో ఎలాగూ మీకు ఎదురవుతుంది. అందుకే నేను ముందుగా చదవమనేది ఈజిప్టు వాళ్లు తమ చేత్తో రాసుకున్న మూడు కథలు. ఇంగ్లీషు అనువాదాల్లో తేలిగ్గా దొరుకుతాయి, ఒక్కోటీ ఒకే దఫాలో అయిపోతుంది.

మొదటిది సింహాసనం కోసం ఒసైరిస్ కొడుకు హోరస్‌కీ, బాబాయి సేత్‌కీ నడిచిన దావా. క్రీ.పూ. 12వ శతాబ్దంలో, ఐదో రామ్సెస్ కాలంలో రాసిన పపైరస్ మీద ఉంది. తండ్రి రాజ్యం కొడుక్కి రావాలా, బలవంతుడైన తమ్ముడికి రావాలా అని దేవతల సభ 80 ఏళ్లుగా తేల్చలేకపోతుంది. వాయిదాల మీద వాయిదాలు. సూర్యదేవుడు రా సేత్ వైపు మొగ్గుతాడు. ఒక చిన్న దేవుడు మాట తూలితే రా అలిగి వెల్లకిలా పడుకుంటాడు. కూతురు హాథోర్ వచ్చి సిగ్గు విడిచి నవ్విస్తే గానీ లేవడు.

ఇందులో ఒక్క ఘట్టం నెమ్మదిగా చదవండి. హోరస్ తల్లి ఐసిస్ పోరు పడలేక దేవతలు సభను ఒక దీవిలోకి మార్చి, ఐసిస్ పోలికలున్న ఏ ఆడమనిషినీ నది దాటించవద్దని పడవవాడు నెమ్తీకి ఆజ్ఞ ఇస్తారు. ఐసిస్ ముసలమ్మ వేషంలో వస్తుంది. పశువులు కాసే కుర్రాడికి తిండి పట్టుకెళ్తున్నానంటుంది. రొట్టె ఇస్తానంటే నెమ్తీ ఒప్పుకోడు, వేలికున్న బంగారు ఉంగరం ఇస్తానంటే ఒప్పుకుంటాడు. దీవి చేరాక ఆమె అందమైన పడుచుగా మారి సేత్ కంటపడుతుంది. "నా మొగుడు పశువుల కాపరి, చనిపోయాడు. ఎవడో పరాయివాడు వచ్చి పశువులన్నీ నావేనని నా కొడుకుని బెదిరిస్తున్నాడు" అని గోడు వెళ్లబోసుకుంటుంది. కొడుకు బతికుండగా పశువుల్ని పరాయివాడికి ఎలా ఇస్తారని సేత్ మండిపడతాడు. అంతే, ఐసిస్ గద్దగా మారి తుమ్మచెట్టు ఎక్కి, తీర్పు నీ నోటితోనే చెప్పుకున్నావు కదా అంటుంది. సేత్ ఏడుస్తూ వెళ్లి రా దగ్గర మొరపెట్టుకుంటాడు. శిక్ష మాత్రం నెమ్తీకి పడుతుంది, పాదాల ముందు భాగం నరికించేస్తారు. ఆ రోజు నుంచి అతను బంగారాన్ని అసహ్యించుకున్నాడట.

ఈ ఒక్క ఘట్టంతో ఈజిప్టు కథల స్వభావం తెలిసిపోతుంది. ఈ దేవుళ్లకు కోపతాపాలు ఉన్నాయి, మొండితనం ఉంది, కుయుక్తులు ఉన్నాయి. వీళ్లను రాతి విగ్రహాల్లా బిగుసుకుపోయి, గంభీరమైన డైలాగులు చెప్పేవాళ్లుగా మాత్రమే చూపించే కథ సగం ఈజిప్టునే చూపిస్తోందని అర్థం.

రెండోది రా రహస్యనామం కథ. ముసలితనంలో రా నోటి వెంట చొంగ కారి నేలమీద పడుతుంది. ఐసిస్ ఆ తడిమట్టిని పిసికి పాము చేసి ఆయన నడిచే దారిలో పెడుతుంది. కాటు పడ్డాక ఆయన పెదాలు వణుకుతుంటాయి. విరుగుడు కావాలంటే నీ అసలు పేరు చెప్పమంటుంది ఐసిస్. పొద్దున నా పేరు ఖెప్రి, మధ్యాహ్నం రా, సాయంత్రం ఆతుమ్ అని ఆయన తప్పించుకోజూస్తాడు, ఆమె వదలదు. చివరికి ఆ పేరు ఆమెకు చేరుతుంది, మనకు మాత్రం కథ ఎక్కడా చెప్పదు. ఇంకో సంగతి, దీన్ని వినోదం కోసం రాయలేదు. ఇది తేలుకాటు విషానికి మంత్రం. దేవతల బొమ్మలు రోగి చేతిమీద గీసి నాకించమని చివర్లో సూచన కూడా ఉంది. పేరులో శక్తి ఉంటుందనే ఊహ మీద నడిచే ఫాంటసీ నవల చదివేటప్పుడు ఈ కథ గుర్తొస్తే ఆ నవల బరువు పెరుగుతుంది.

మూడోది ఎర్ర బీరు కథ. మనుషులు తన మీద కుట్ర పన్నారని రా తన కన్నునే హాథోర్ రూపంలో పంపుతాడు. ఆమె ఆడసింహం దేవత సెఖ్మెత్‌గా మారి రక్తం రుచి మరిగి ఆగదు. రాకే జాలి వేసి 7,000 కుండల బీరులో ఎర్రమట్టి కలిపించి పొలాల్లో పోయిస్తాడు. రక్తమనుకుని తాగి, మత్తులో మనుషుల్ని గుర్తుపట్టకుండా వెనక్కి వెళ్లిపోతుంది. టుటన్‌ఖామున్ అనే రాజు సమాధిలో బంగారు రేకు తాపిన మందసం మీద ఈ కథ చెక్కి ఉంది.

ఏ రకం కథ కావాలో తేల్చుకోండి

దేవుళ్లే పాత్రలుగా పాతకాలంలో నడిచేవి కొన్ని. ఇప్పటి నగరంలో దేవుళ్లు దిగివచ్చేవి కొన్ని, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇవే తేలిక, ఎందుకంటే కథానాయకుడికి కూడా మనలాగే ఏమీ తెలియదు, అతనితోపాటు మనమూ నేర్చుకుంటాం. ఫారోల (ఈజిప్టు రాజుల) కాలపు చారిత్రక నవలల్లో దేవుళ్లు కనిపించరు, నమ్మకంగా మాత్రమే ఉంటారు. ఓపిక ఉంటే నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చేవి ఇవే.

మమ్మీ శాపం కథలు వేరే జాతి. వాటి పుట్టుక ఈజిప్టులో కన్నా ఇంగ్లండ్, అమెరికాల్లోనే ఎక్కువ. టుటన్‌ఖామున్ సమాధి 1922లో దొరకడానికి చాలా ముందే, 19వ శతాబ్దంలోనే అక్కడ మమ్మీ కథలు రాశారు. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో చనిపోవడం, పత్రికలు శాపమని హోరెత్తించడం ఆ కథలకు ఊపిరి పోశాయి. భయం కోసం హాయిగా చదువుకోండి, దేవుళ్ల గురించి తెలుసుకోవడానికి మాత్రం వాటిని నమ్ముకోకండి. మనుషుల్ని తినేసే పేడపురుగులు సినిమావాళ్ల సృష్టి. ఈజిప్టులో పేడపురుగు ఉదయసూర్యుడు ఖెప్రికి గుర్తు. ఉండను దొర్లించుకెళ్లే పురుగులో వాళ్లు సూర్యుణ్ని నడిపించే దేవుణ్ని చూశారు.

పేర్లకు ఒక చీటీ

పుస్తకంలో ఒక చీటీ పెట్టుకుని, కొత్త దేవుడు రాగానే పేరు, తల, బంధుత్వం, ఈ మూడూ రాసుకోండి. ఫోన్‌లో నోట్ అయినా సరే. ఒసైరిస్, ఐసిస్, హోరస్, థోత్, అనుబిస్ అనేవి గ్రీకుల నోటి నుంచి వచ్చిన రూపాలు. కొందరు రచయితలు ఈజిప్టు రూపాలకు దగ్గరగా ఐసిస్‌ను అసెత్ అని, థోత్‌ను జెహుతి అని, అనుబిస్‌ను ఇన్పు అని రాస్తారు. రెండూ ఒకరేనని చీటీలో పక్కపక్కన రాసుకుంటే కన్ఫ్యూజన్ ఉండదు. చిత్రలిపిలో అచ్చులు రాయరు కాబట్టి ఉచ్చారణ గురించి బెంగ అక్కర్లేదు.

చీటీ ఏ పుస్తకానికి ఆ పుస్తకానికి విడిగా రాసుకోండి, ఒకటే వంశవృక్షం అన్నిటికీ పనికిరాదు. ప్లూటార్క్ కథలో అనుబిస్, సేత్ భార్య నెఫ్తిస్‌కు ఒసైరిస్ వల్ల పుట్టినవాడు, వేరేచోట్ల తల్లిదండ్రులు వేరు. హోరస్ ఒకచోట ఒసైరిస్ కొడుకు, మరోచోట ఒసైరిస్‌కు తోడబుట్టినవాడు. ఈజిప్టులోనే ఊరికో గుడి, గుడికో కథ. అందుకని బంధుత్వం మారిందని రచయితను తప్పుపట్టే ముందు ఆగండి.

బొమ్మలున్న కామిక్స్‌కీ, గేమ్‌లకీ తలలే ఆధారం. డేగ తల మీద సూర్యబింబం ఉంటే రా, ఎరుపు తెలుపు జంట కిరీటం ఉంటే హోరస్. నల్లటి నక్క తల అనుబిస్. వంపు ముక్కు కొంగ తల థోత్. ఆడసింహం సెఖ్మెత్, పిల్లి బాస్తెత్. ఆవుకొమ్ముల మధ్య సూర్యబింబం హాథోర్‌ది. తర్వాతి కాలంలో ఐసిస్ కూడా అదే కిరీటం పెట్టుకుంది కాబట్టి ఆ ఇద్దరి దగ్గర పొరబడటం సహజం, తలమీద సింహాసనం గుర్తు ఉంటే మాత్రం ఖాయంగా ఐసిసే. పొడవు మూతి, చివర చదునుగా కోసినట్టున్న చెవులు ఉంటే సేత్. అది ఏ జంతువో పండితులు కూడా తేల్చలేదు.

చదువుతూ ఒక ప్రశ్న అడగండి: విలన్ ఎవరు?

కొత్త కథల నాణ్యత తేలేది ఇక్కడే. చాలా సినిమాల్లో అనుబిస్ నరకానికి రాజు, సేత్ సైతాను. పాత ఈజిప్టులో అనుబిస్ శవాన్ని జాగ్రత్తగా సిద్ధం చేసేవాడు, సమాధికి కాపలా, చనిపోయినవాళ్లను చేయిపట్టుకుని తీసుకెళ్లేవాడు. అయినవాళ్లు పోయిన ఇంటికి ఆయన ధైర్యం. అతన్ని రాక్షసుడిగా మార్చడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ మార్పు వల్ల కథకు వచ్చేదేమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది.

సేత్ సంగతి ఇంకా లోతైనది. అన్నను చంపినవాడే, నిజం. కానీ ప్రతి రాత్రీ రా పడవ ముందు నిలబడి, సూర్యుణ్ని మింగడానికి వచ్చే అపోఫిస్ అనే మహాసర్పాన్ని ఈటెతో పొడిచేదీ సేతే. సేతి అనే పేరుగల ఫారోలు ఉన్నారు, ఆ పేరుకు అర్థం సేత్‌కు చెందినవాడని. పైన చెప్పిన దావాలో కూడా ఓడిన సేత్‌ను చంపరు, రా అతన్ని కొడుకులా తన దగ్గర ఉంచుకుంటాడు, ఆకాశంలో ఉరిమే పని అతనిది. క్రీస్తుపూర్వం చివరి శతాబ్దాలకు వచ్చాకే అతన్ని పూర్తిగా చెడ్డవాడిగా చూడటం పెరిగింది. సేత్‌లోని ఈ రెండు ముఖాలనూ పట్టుకున్న రచయిత దొరికితే వదలకండి.

గుడి లేని, పూజ లేని అసలు శత్రువు అపోఫిస్. మైనంతో పాము బొమ్మ చేసి, దానిమీద ఉమ్మి, ఎడమ కాలితో తొక్కి, నిప్పులో వేసే తంతు గుళ్లలో జరిగేది. ఎందుకంటే సూర్యుడు రేపు వస్తాడన్న గ్యారంటీ వాళ్లకు లేదు. రాత్రి 12 గంటలు దువాత్ అనే లోకం గుండా పడవ వెళ్లాలి, ప్రతి గంటకూ ద్వారాలు, కాపలాదారులు, ప్రమాదాలు. దువాత్‌లో శత్రువుల్ని కాల్చే అగ్నిగుండాలు ఉన్న మాట నిజమే గానీ అది నరకం ఒక్కటే కాదు, సూర్యుడు మళ్లీ పసివాడయ్యే చోటు కూడా. గేమ్‌లో స్థాయి తర్వాత స్థాయి దాటే డిజైన్‌కు ఇంతకన్నా సహజంగా సరిపోయే పురాణం నాకు కనిపించలేదు.

ఇదంతా నిలబడేది మాఅత్ మీద. మాఅత్ అంటే ఈకను తలమీద పెట్టుకున్న దేవత, సత్యం, న్యాయం, లోకం సక్రమంగా నడవడం, అన్నీ ఆమే. చనిపోయినవాడి గుండెను ఆమె ఈకతో తూస్తారు. తక్కెడ చూసేది అనుబిస్, రాసుకునేది థోత్. ఓడితే గుండెను అమ్మిత్ మింగేస్తుంది. మొసలి తల, సింహం ముందు భాగం, నీటిగుర్రం వెనక భాగం ఉన్న ప్రాణి అది. మనకు వెంటనే చిత్రగుప్తుడు గుర్తుకొస్తాడు, రావాలి కూడా. కానీ అక్కడితో ఆగితే అసలు విషయం జారిపోతుంది. ఇక్కడ మనిషి 42 మంది దేవతల ముందు తనే నోరు విప్పి చెప్పుకోవాలి: తూకంలో మోసం చేయలేదు, పసిపిల్లల నోటి దగ్గర పాలు లాక్కోలేదు, పారే నీటికి అడ్డుకట్ట వేయలేదు. అతని గుండే సాక్షి. ఆ సాక్షి ఎదురు తిరుగుతుందేమోనన్న భయంతో, నాకు వ్యతిరేకంగా చెప్పకు అని గుండెను బతిమాలే మంత్రాన్ని రాతి పేడపురుగు మీద చెక్కి మమ్మీ ఛాతీ మీద పెట్టేవారు. ఈ భయాన్ని వాడుకున్న సీన్ ఏ నవలలో వచ్చినా అది పండుతుంది.

కాలం మీద ఒక కన్ను

గిజా పెద్ద పిరమిడ్ క్రీ.పూ. 2560 ప్రాంతానిది. క్లియోపాత్రా చనిపోయింది క్రీ.పూ. 30లో. ఇంత కాలాన్ని ఒకే కుండలో కలిపేసే కథలు చాలా ఉన్నాయి. పిరమిడ్ కడుతున్న సీన్‌లో గుర్రపు రథాలు పరుగెత్తితే, అవి ఈజిప్టుకు రావడానికి ఇంకా దాదాపు తొమ్మిది వందల ఏళ్లు ఉందని గుర్తుంచుకోండి. ఫాంటసీలో దీన్ని చూసీచూడనట్టు వదిలేయొచ్చు. చారిత్రక నవల అని చెప్పుకున్న పుస్తకంలో మాత్రం వదలకూడదు.

ఈజిప్టు వాళ్ల సొంత కల్పన

దేవుళ్లతో కల్పన అల్లడం ఇప్పటి రచయితలు మొదలుపెట్టింది కాదు. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి ఓడ మునిగిన నావికుడి కథ చదవండి. ఒంటరిగా దీవికి కొట్టుకొచ్చిన నావికుడికి 30 మూరల పాము ఎదురవుతుంది, బంగారు ఒళ్లు, నీలిరాతి కనుబొమలు. అది అతన్ని చంపదు. తన కథ చెబుతుంది. ఆకాశం నుంచి చుక్క రాలి తన వాళ్లంతా కాలిపోయారని, చిన్న కూతురు కూడా పోయిందని. నువ్వు ఇంటికి చేరతావు, నీ పిల్లల్ని కౌగిలించుకుంటావు అని ధైర్యం చెప్పి పంపుతుంది.

సమాధిలోంచి మంత్రపుస్తకం దొంగిలించి కష్టాలు కొనితెచ్చుకునే కథలు ఇష్టమైతే, వాటికి తాత సెత్నే కథ. సెత్నే కల్పిత పాత్ర అనుకునేరు, రెండో రామ్సెస్ కొడుకు ఖేమ్‌వాసెత్ నిజంగా ఉన్నాడు, అప్పటికే పాడుబడిన కట్టడాలను బాగుచేయించాడు. వెయ్యేళ్ల తర్వాత కథకులు అతన్ని నాయకుణ్ని చేశారు. థోత్ పుస్తకం కోసం సమాధిలోని ప్రేతాత్మతో పందెం వేసి ఆట ఆడతాడు, ఓడిన ప్రతిసారీ కొంచెం కొంచెం నేలలోకి కూరుకుపోతాడు. ఆధునిక ఈజిప్టు రచయితల్లో 1988 నోబెల్ గ్రహీత నగీబ్ మహ్‌ఫూజ్ తొలి నవలలు మూడూ ఫారోల కాలానివే. తమ గతాన్ని తామే రాసుకుంటే ఎలా ఉంటుందో చూడటానికి వాటిని ఒకసారి పట్టుకోండి.

పిల్లలతో అయితే ఎర్ర బీరు కథనూ, నావికుడి కథనూ ముందు చెప్పండి. హోరస్, సేత్‌ల దావాలో పెద్దలకు మాత్రమే చెప్పే ఘట్టాలు ఉన్నాయి, ముందుగా మీరు చదివి ఏరి చెప్పాలి.

కళ్లతో చూడండి

చదివిన దేవుణ్ని రాతిలోనో చెక్కలోనో చూస్తే మనసులో నిలిచిపోతాడు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి, మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు కానుకగా ఇస్తే ఆయన మ్యూజియానికి ఇచ్చాడు. లండన్‌లో ఉన్నవాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో హునెఫెర్ పపైరస్ బొమ్మను అడగండి, గుండె తూకం సీన్ అంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు వాళ్లకు మెట్రోపాలిటన్ మ్యూజియంలో దెందూర్ నుంచి తెచ్చి మళ్లీ నిలబెట్టిన ఐసిస్ గుడే ఉంది. కైరో వెళ్లే అవకాశం ఉంటే గిజా పక్కన 2025 నవంబరులో అధికారికంగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంకు ఒక రోజు పూర్తిగా కేటాయించండి.

పుస్తకం అయ్యాక

చీటీ తీసి, రచయిత మార్చినవి ఓ నాలుగు రాసుకోండి. ఒక్కోదాని పక్కన ఆ మార్పు వల్ల కథకు ఏం దక్కిందో రాయండి. ఏమీ దక్కలేదనిపిస్తే అలాగే రాయండి. ఇంకొకరితో కలిసి చదివితే ఈ పని రెట్టింపు సరదాగా ఉంటుంది, ఎందుకంటే మార్పుల మీద ఇద్దరి తీర్పూ ఒకటి కాదు.

మీకే రాయాలనిపిస్తే నెఫ్తిస్‌తో మొదలుపెట్టండి. సేత్‌కు భార్య, ఒసైరిస్‌కు చెల్లెలు. అన్నను చంపింది మొగుడే. అయినా ఐసిస్ పక్కన కూర్చుని ఆ శవం మీద పడి ఏడ్చేది ఆమే, ఇద్దరినీ గద్దల రూపంలో బొమ్మలు వేశారు. ఆ ఏడుపు అయ్యాక ఆమె ఇంటికి వెళ్లి సేత్‌తో ఏం మాట్లాడిందో మనకు దొరికిన పాత కథలు చెప్పవు. ఆ సంభాషణ ఒక్క పేజీ రాసి చూడండి.